నయం చేస్తామన్నారు సరే, వాళ్ళను అడిగారా?

ఆటిజం అనే మాట మన హాస్టళ్ళలో చదువుకున్నవాళ్ళం చాలామందిమి డిగ్రీ దాటాక గాని విని ఉండము. మేమూ పి.జి.లో సోషల్ వర్క్‌లో చేరాకే విన్నాం. ఇది అంటుకునే జబ్బు కాదు, వయసు వస్తే పోయేదీ కాదు. మెదడు ఎదిగే తీరులో చిన్ననాటి నుంచే ఉండే ఒక తేడా. ఆ తేడా ఉన్నవారికి ఎదుటివారి ముఖం చూసి మనసు పట్టుకోవడం కష్టం కావచ్చు. చప్పుడు, వెలుతురు, ఒంటిమీద బట్ట ఒరుసుకోవడం మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తగలవచ్చు. చేతులు ఆడిస్తూ ఉండడం, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయడం, ఒకే విషయం మీద లోతుగా మనసు పెట్టడం కనిపిస్తాయి. కొందరు గలగలా మాట్లాడతారు. కొందరు జీవితాంతం నోటితో మాట్లాడరు. అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి డాక్టరు లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను గురించి రాసిన వ్యాసంతో ఇది వైద్య గ్రంథాలకెక్కింది.

ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో దొరుకుతుంది. మేము ఇక్కడ రాయదలచుకున్నది వేరు. ఆటిజాన్ని నయం చేస్తామని విరాళాలు పోగుచేసే పెద్ద సంస్థలను గురించి, ఆటిజం ఉన్నవాళ్ళే ఏమంటున్నారు? ఈ చర్చ ఎక్కువగా అమెరికాలో నడిచింది కాబట్టి అక్కడి సంగతులే ఎక్కువగా చెప్పవలసి వస్తుంది.

ముందుగా తల్లిదండ్రుల పక్షం చెప్పుకోవాలి. 1950, 60లలో డాక్టర్లు చాలామంది ఆటిజానికి కారణం తల్లే అన్నారు. తల్లి ప్రేమ చూపక ఫ్రిజ్ లాగా చల్లగా ఉండబట్టే బిడ్డ తనలోకి ముడుచుకుపోయాడన్నారు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఈ వాదంతో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. బిడ్డ కష్టం చాలదన్నట్టు తల్లి నెత్తిన నింద కూడా. అంతకు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు ఇది మెదడుకు సంబంధించినది, పెంపకానికి కాదు అని పుస్తకం రాశాడు. ఆయన కొడుకుకీ ఆటిజం ఉంది. ఇంగ్లండులో 1962లో, అమెరికాలో 1965లో తల్లిదండ్రులు సంఘాలు పెట్టుకున్నారు. బడులు చేర్చుకోము పొమ్మన్న పిల్లలకు వాళ్ళే బడులు పెట్టారు. ఆ పని చిన్నది కాదు. కాని ముప్ఫై ఏళ్ళు గడిచినా సభలలో మాట్లాడేది తల్లిదండ్రులు, డాక్టర్లే. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి తమ మాట తాము చెప్పుకుంటారన్న ఊహ ఎవరికీ ఉన్నట్టు లేదు.

చెప్పుకున్నారు. జిమ్ సింక్లేర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి మరికొందరితో కలిసి 1992లో ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అనే సంఘం పెట్టారు. 1993లో కెనడాలోని టొరంటోలో జరిగిన అంతర్జాతీయ ఆటిజం సభలో తల్లిదండ్రుల ఎదుట నిలబడి ప్రసంగించారు. మా కోసం ఏడవకండి అన్నది దాని సారం. మీరు ఏడుస్తున్నది మీరు ఊహించుకున్న ఇంకో బిడ్డ రాలేదని, ఆ దుఃఖం నిజమే, కాని దాన్ని మా మీద పెట్టకండి అన్నారు. ఆటిజం అనేది మనిషి మీద కప్పిన దుప్పటి కాదు, తీసేస్తే లోపల మామూలు పిల్లవాడు దొరకడానికి. అది లేకుండా చేయమని మీరు ప్రార్థిస్తే, మేము లేకుండా పోవాలని, మా ముఖం వెనక వేరొకరు రావాలని మీరు కోరుతున్నట్టు మాకు వినబడుతుంది అన్నారు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఈ ప్రసంగాన్ని ఆటిస్టిక్ వాళ్ళు ఇంకా చదువుకుంటున్నారు.

ఇక్కడ ఒక మాట. మన పత్రికలు 'ఆటిజంతో బాధపడుతున్నవారు' అని రాస్తాయి. బాధ దేనివల్ల అని అడిగితే వాళ్ళలో చాలామంది చెప్పేది ఆటిజం పేరు కాదు. బడిలో వెక్కిరింపు, ఇంటర్వ్యూలో కళ్ళలోకి చూడలేదని పోయిన ఉద్యోగం, చెవులు చిల్లులు పడే చప్పుడు అంటారు. అందుకే చాలామంది తమను ఆటిస్టిక్ అనే పిలవమంటారు. మేమూ ఇక్కడ అలాగే రాస్తున్నాం.

ఆ సంఘం 1996 నుంచి ఆట్రీట్ అనే వార్షిక శిబిరం నడిపింది. అక్కడి ఒక ఏర్పాటు మాకు చాలా నచ్చింది. వచ్చినవాళ్ళు రంగు బిళ్ళ పెట్టుకోవచ్చు. ఎరుపు ఉంటే నన్ను ఎవరూ పలకరించవద్దు అని. పసుపు ఉంటే తెలిసినవాళ్ళు మాత్రమే రావచ్చు అని. ఆకుపచ్చ ఉంటే మాట్లాడాలని ఉంది, మొదలుపెట్టడం నాకు చేతకాదు, మీరే రండి అని. ఎంత తక్కువ ఖర్చు చూడండి! నయం చేయడానికి ఎవరూ రాలేదు, ఒక అట్టముక్కతో సగం కష్టం తగ్గింది.

ఇక పెద్ద సంస్థ సంగతి. 2005లో ఎన్.బి.సి. టెలివిజన్ సంస్థ అధిపతి బాబ్ రైట్, ఆయన భార్య సుజాన్, తమ మనవడికి ఆటిజం అని తేలాక ఆటిజం స్పీక్స్ అనే సంస్థ పెట్టారు. ఆటిజం మాట్లాడుతుంది అని పేరు. ఆటిస్టిక్ వాళ్ళ మొదటి ప్రశ్న అదే: మాట్లాడుతున్నది ఎవరు? పాలక మండలిలో ఆటిస్టిక్ మనిషి ఒక్కరూ లేరు. 2006లో ఆ సంస్థ తరఫున వచ్చిన ఒక డాక్యుమెంటరీలో ఒక తల్లి, కూతురు అదే గదిలో ఉండగా, ఇద్దరం కారుతో సహా వంతెన మీదినుంచి పడి చచ్చిపోదామనుకున్నానని కెమెరా ముందు చెప్పింది. ఆమె దుఃఖాన్ని తప్పు పట్టే అర్హత మాకు లేదు. కాని ఆ గదిలో ఆడుకుంటున్న అమ్మాయికి చెవులున్నాయి. 2009లో వచ్చిన వీడియోలో ఆటిజమే దెయ్యంలాగా గొంతు పెట్టుకుని, మీ సంసారం కూలుస్తాను, మీ డబ్బు ఊడ్చేస్తాను అని బెదిరిస్తుంది. ఆటిస్టిక్ వాళ్ళు గట్టిగా నిరసించాక సంస్థ దాన్ని తన వెబ్‌సైటు నుంచి తీసేసింది.

భయపెట్టి డబ్బు అడగడం ఆ ఒక్క సంస్థ పనే కాదు. 2007 డిసెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పిల్లల మానసిక వైద్య కేంద్రం నగరమంతా ప్రకటనలు పెట్టించింది. కిడ్నాపర్లు రాసే బెదిరింపు ఉత్తరాల తీరులో, మీ పిల్లవాడు మా చేతిలో ఉన్నాడు, ఇట్లు ఆటిజం అని. ఆరి నీమన్ అనే 20 ఏళ్ళ ఆటిస్టిక్ కుర్రవాడు, అంతకు ముందు ఏడు తాను మొదలుపెట్టిన ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వొకసీ నెట్‌వర్క్ తరఫున సంతకాలు సేకరించాడు, ఇతర వికలాంగ సంఘాలను కూడగట్టాడు. ఆ నెల తిరగకుండానే ప్రకటనలు తీసేశారు. మన వయసువాడే!

మన హాస్టల్‌వాళ్ళకు ఇది అర్థం కావడానికి ఎక్కువ వివరించనక్కరలేదు. దుప్పట్లు పంచడానికి వచ్చినవాళ్ళ వెనక బ్యానరు కింద మనమంతా వరసగా నిలబడ్డవాళ్ళమే. మరునాడు పేపర్లో 'నిరుపేద విద్యార్థులకు చేయూత' అని ఫోటో. దుప్పటి పనికొచ్చింది, కాదనం. కాని మాకేం కావాలని ఒక్కరు అడిగి ఉంటే బాత్‌రూములో నీళ్ళు అని చెప్పేవాళ్ళం.

ఆటిస్టిక్ వాళ్ళ లెక్క కూడా ఇదే. బ్రిటన్‌లో 2013లో వెలువడిన ఒక నివేదికలో లిజ్ పెలికానో, ఆమె సహచరులు 2007 నుంచి 2011 వరకు ఆ దేశంలో ఆటిజం పరిశోధనకు ఇచ్చిన నిధులను లెక్కగట్టారు. 56 శాతం మెదడు, జీవశాస్త్రం వంటి వాటికి పోయింది. సేవలను మెరుగుపరచే పరిశోధనకు 5 శాతం. సమాజంలో వారి స్థితిగతుల మీద పరిశోధనకు 1 శాతం. ఆటిస్టిక్ వాళ్ళనూ కుటుంబాలనూ అడిగితే రోజువారీ బతుకుకు అక్కరకొచ్చే పరిశోధన కావాలన్నారు. జన్యువుల వెతుకులాట పట్ల వాళ్ళలో చాలామందికి ఇంకో భయం కూడా ఉంది. అది పుట్టకముందే పరీక్ష చేసి ఏరివేయడానికి దారి తీస్తుందేమోనని. ఆడపిల్ల అని తెలియగానే ఏం జరుగుతుందో చూసిన దేశం మనది. ఆ భయాన్ని మనం కొట్టిపారేయలేము.

ఎవరి కోసం పెట్టిన సంఘంలో వాళ్ళకే చోటు లేకపోవడం మనకు కొత్త కాదు. 1932లో పూనా ఒప్పందం తరువాత పుట్టిన హరిజన సేవక సంఘంలో మొదట చేరిన బాబాసాహెబ్ అంబేద్కర్ తరువాత బయటికి వచ్చేశారు. సంఘం నిర్వహణలో అస్పృశ్యులకు చోటివ్వమని అడగబోయిన వారికి, ఇది సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తం, డబ్బూ వాళ్ళదే, కనుక వాళ్ళే నడపాలి అని గాంధీజీ జవాబిచ్చిన సంగతి అంబేద్కర్ 1945లో వెలువరించిన తన గ్రంథంలో రాశారు. కులమూ ఆటిజమూ ఒకటని మేము అనడం లేదు. జవాబు మాత్రం ఒకటే.

అయితే ఎదుటి వాదన బలమైనది, దాన్ని దాటవేయకూడదు. మీరు సభల్లో మాట్లాడగలరు, మా అబ్బాయి తన చేతిని తానే కొరుక్కుంటాడు, పన్నెండేళ్ళు వచ్చినా బాత్‌రూముకు పోవడం రాదు, వాడి తరఫున మీరెలా మాట్లాడతారు అని తల్లిదండ్రులు అడుగుతారు. మా ఫీల్డ్ వర్కులో ఇలాంటి తల్లులను చూశాం. రాత్రి రెండు గంటలకు లేచి కూర్చునే పిల్లవాడితో పాటు లేచి, తెల్లవారి కూలికి పోయేవాళ్ళు. నయం కావాలని కోరుకునే ఆటిస్టిక్ వాళ్ళూ ఉన్నారు, అందరిదీ ఒకే గొంతు కాదు. ఉద్యమంలోని వాళ్ళు ఇచ్చే సమాధానంలో మాకు సబబనిపించినది ఇది: మూర్ఛలకు మందు కావాలి, నిద్రకు, కడుపునొప్పికి వైద్యం కావాలి, నోటితో మాట్లాడలేనివారికి మాట తెలియజేసే సాధనం కావాలి. వీటిని ఎవరూ వద్దనలేదు. వద్దన్నది మనిషినే మార్చేయడం. ఇక మాట్లాడలేనివారి సంగతి అంటే, 2007లో మెల్ బాగ్స్ అనే వ్యక్తి ఒక చిన్న వీడియో చేశారు. నోటి మాట లేదు. మొదట కూనిరాగం, చేతులు ఆడించడం, నీటిధారతో ఆట. తరువాత టైపు చేసిన మాటలను యంత్రం చదువుతుంది. ఇది నా భాష, మీ భాష నేను నేర్చుకుంటేనే నన్ను ఆలోచనాపరునిగా లెక్కిస్తారు, నా భాష మీరు నేర్చుకోకపోతే అది మీ లోపం కాదట అని నిలదీస్తుంది.

నయం అనే ఆశను అమ్ముకునేవాళ్ళ చేతిలో నష్టపోయేది పిల్లలే. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లలను చూపి ఎం.ఎం.ఆర్. టీకాకు, ఆటిజానికి ముడిపెట్టాడు. లాన్సెట్ పత్రిక 2010లో ఆ వ్యాసాన్ని రద్దు చేసింది. ఈలోగా ఎందరో టీకాలు మానేశారు. 2005లో అమెరికాలో ఒంట్లోని లోహాలు తీసేస్తామని సూదిమందు ఎక్కించగా ఐదేళ్ళ బాబు చనిపోయాడు. మన దేశంలో లక్షలు తీసుకుని స్టెమ్ సెల్ వైద్యం చేస్తున్నారు. ఆటిజానికి ఆ వైద్యం సిఫారసు చేయలేమని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. అప్పు చేసి, ఉన్న ఎకరం తాకట్టు పెట్టి తిరిగే కుటుంబం మీకు తెలిసి ఉంటే ఈ సంగతి చెప్పండి.

మార్పు కొంత వచ్చింది. 2013లో సుజాన్ రైట్ రాసిన వ్యాసంలో ఈ కుటుంబాలు బతుకుతున్నట్టే కాదన్న అర్థం వచ్చే మాటలు చూసి, ఆటిజం స్పీక్స్ సలహా మండలిలో ఉన్న ఆటిస్టిక్ రచయిత జాన్ ఎల్డర్ రాబిసన్ రాజీనామా చేశారు. 2015 చివర ఆ సంస్థ పాలక మండలిలోకి ఇద్దరు ఆటిస్టిక్ వ్యక్తులను తీసుకుంది. 2016లో తన లక్ష్య ప్రకటనలోంచి నయం చేయడం అన్న మాట తీసేసింది. పుట్టిన పదకొండేళ్ళకు.

మన దగ్గర చట్టం ఉంది, తెలిసినవాళ్ళు తక్కువ. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలోనూ ఉంది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాలలో వికలాంగులకు ఉండే 4 శాతంలో 1 శాతం ఆటిజం, బుద్ధిమాంద్యం, చదువులో ప్రత్యేక ఇబ్బంది, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి కలిపి ఇచ్చారు. మన ఊళ్ళలో ఇలాంటి పిల్లవాడిని మొద్దు అనో, గాలి సోకిందనో అంటారు. మన హాస్టల్ గదుల్లోనూ ఉండి ఉంటాడు. రోజూ అదే మూల అదే చోట కూర్చునేవాడు, కూర అన్నంలో కలిస్తే తిననివాడు, గంట మోగితే చెవులు మూసుకునేవాడు. వాడికి సర్టిఫికెట్ ఇప్పించాలో వద్దో, కూర విడిగా వడ్డించాలో వద్దో, వార్డెన్ సారుకు చెప్పే ముందు వాడినే అడగవచ్చు. నోటితో చెప్పకపోతే కాగితం, పెన్ను ఇచ్చి చూడండి. జవాబుకు కొంచెం ఆలస్యం అవుతుంది, కూర్చోండి.