మందలించే ముందు అడుగుదాం

(వార్డు ఇన్‌ఛార్జులకు, సూపర్‌వైజర్లకు, యజమానులకు)

కొన్నేళ్ల క్రితం మా వార్డులో ఒక ఆయా ఉండేది. వెనుక నుండి పిలిస్తే పలికేది కాదు. చెప్పిన పనిలో సగమే చేసేది. పొగరు అనుకుని రెండు మెమోలు ఇచ్చాము. మూడోది ఇస్తే పని పోయేదే. అప్పుడు తోటి ఆయా వచ్చి, "మేడమ్, ఆ పిల్లకు ఒక చెవి వినపడదు. చెప్తే పనిలోనుంచి తీసేస్తారని దాచిపెట్టుకుంది" అని చెప్పింది. నర్సులమై ఉండి కూడా మేము గమనించలేదు. తప్పు మాదే.

ఆ తరువాత ఎదురుగా నిలబడి చెప్పాము. చెప్పిన మాటను ఆమెతో తిరిగి చెప్పించుకున్నాము. మూడో మెమో అవసరం రాలేదు.

కంటికి కనపడని ఇబ్బందులు

వైకల్యం అంటే చేతికర్ర, మూడు చక్రాల బండి మాత్రమే కాదు. బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల వంటి చోట్ల ఏళ్ల తరబడి మోత మధ్య పనిచేస్తే వినికిడి తగ్గవచ్చు. కొందరికి మెదడు పనిచేసే తీరే వేరుగా ఉంటుంది. ఆటిజం ఉన్నవారు చెప్పకుండా డ్యూటీ మారిస్తే కంగారు పడవచ్చు. డిస్లెక్సియా ఉన్నవారికి చదవడం కష్టం, అంతేగాని తెలివి తక్కువ కాదు.

సూపర్‌వైజరు చేయవలసినవి

1. పక్కకు పిలిచి, "ఏ పని దగ్గర కష్టంగా ఉంది? ఏం మారిస్తే బాగుంటుంది?" అని అడగండి. జబ్బు పేరు చెప్పమని ఒత్తిడి చేయవద్దు.

2. ఒకేసారి ఐదు పనులు చెప్పకండి. ఒకటి రెండు చెప్పి, చేసి చూపించండి. డ్యూటీ లిస్టు వారం ముందే ఇవ్వండి.

3. అంకెలు తారుమారయ్యే వారుంటే మందుల మోతాదును ఇంకొకరు కూడా చదివి సరిచూడాలి. రోగి క్షేమం ముఖ్యం.

4. మూర్ఛ ఉన్నవారికి నిద్ర చాలకపోతే ఫిట్స్ రావచ్చు. డాక్టరు సలహాతో నైట్ డ్యూటీ మార్చండి.

5. వెన్నుపాము దెబ్బతిన్నవారికి చెమట సరిగా పట్టక వేడి తట్టుకోవడం కష్టం. మన కర్నూలు, కడప ఎండల్లో బయటి పనిని ఉదయానికి మార్చండి.

6. వారి అనుమతి లేనిదే ఆ విషయం ఇతరులకు చెప్పవద్దు. నెల తరువాత మళ్లీ అడగండి.

చట్టం ఏమంటుంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుండగా, ఇందులో 21 ఉన్నాయి. ఆటిజం, చదువులో ప్రత్యేక ఇబ్బందులు కూడా చేరాయి. ప్రభుత్వ సంస్థలు తగిన సర్దుబాట్లు చేయాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసివేయరాదు. అదే జీతంతో వేరే పనికి మార్చవచ్చు. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. అయితే ఎదురుగా నిలబడి మాట్లాడడానికి సదరం సర్టిఫికెట్ అక్కరలేదు.

పై అధికారులకు ఒక మాట

"ఆమె పని మేమెందుకు చేయాలి?" అని తోటివారు ఇన్‌ఛార్జి సిస్టరునే నిలదీస్తారు. ఆమెను ఒంటరిగా వదిలేయకండి. డ్యూటీ మార్చే అధికారం ఇవ్వండి. నెలవారీ మీటింగులో పావుగంట ఈ విషయానికి కేటాయించండి.

గుర్తుంచుకోండి: దాచుకున్న ఇబ్బంది పనినీ, రోగినీ, ఒక కుటుంబం కూడునూ దెబ్బతీస్తుంది. మెమో రాసే ముందు ఒక్కసారి అడగండి.