బ్రేక్ ప్యాడ్లు ఎన్నాళ్లొస్తాయి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కార్ల వాళ్లకు చిట్కాలు

ఒకే కంపెనీ, ఒకే మోడల్ కార్లు రెండు. ఒకటి కోదాడలో ఉంటుంది, వారానికోసారి 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ వెళ్లి వస్తుంది. ఇంకొకటి మిర్యాలగూడ సాగర్ రోడ్డులో, బడికీ మార్కెట్టుకీ రైస్ మిల్లుకీ తిరుగుతుంది. మొదటి దాని ముందు ప్యాడ్లు 60 వేల కిలోమీటర్లు దాటినా పనికొస్తుండవచ్చు. రెండో దానివి 30 వేలకే అయిపోవచ్చు. రెండింటిలోనూ కంపెనీ తప్పేమీ లేదు. సాధారణంగా ప్యాడ్లు 30 నుంచి 70 వేల కిలోమీటర్ల దాకా వస్తాయంటారు. ఇంత తేడా ఉన్న లెక్కను నమ్ముకుని కూర్చుంటే ప్రమాదం. బ్రేకు విషయంలో చూడాల్సింది మీటరు మీద కిలోమీటర్లను కాదు, ప్యాడ్ మీద మిగిలిన మందాన్ని.

1. మందం చూడటం నేర్చుకోండి. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చే మందం ఇంచుమించు అంతే. అల్లాయ్ వీల్ అయితే సందుల్లోంచి సెల్ ఫోన్ లైటు వేసి చూడొచ్చు. మామూలు రేకు చక్రమైతే టైర్లు మార్పిడి చేయించేటప్పుడో, పంక్చర్ వేయించేటప్పుడో చక్రం ఎలాగూ విప్పుతారు, అప్పుడే చూసేయండి. బయటి ప్యాడ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. లోపలి ప్యాడ్ చాలాసార్లు ముందే అరుగుతుంది.

2. చెవి పెట్టి వినండి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ చివరికొచ్చినప్పుడు అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. వాన పడ్డ మర్నాడు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే గరగర వేరు. అది డిస్కు మీది తుప్పు, కాసేపటికి పోతుంది. రోజంతా బ్రేకు వేసినప్పుడల్లా కీచుమంటే ఆ వారంలోనే షెడ్డుకు తీసుకెళ్లండి. ఇనుము మీద ఇనుము గీరినట్టు మోటుగా చప్పుడొస్తే మాత్రం ఇక బండి నడపొద్దు. అప్పటికే ప్యాడ్ పూర్తిగా అయిపోయి, వెనక పలక డిస్కును కోస్తోందన్నమాట. ప్యాడ్లతో పోయే ఖర్చుకు డిస్కుల ఖర్చూ తోడవుతుంది.

3. వేగం తగ్గిస్తే ప్యాడ్ ఆయుష్షు పెరుగుతుంది. ఈ ఒక్కటి ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి. బండి ఆగాలంటే దాని వేగంలోని శక్తి అంతా ప్యాడ్ దగ్గర వేడిగా మారాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపడానికి, 50 నుంచి ఆపేదానికి నాలుగింతల శక్తి ఖర్చవుతుంది. 80కి, 100కి మధ్య కూడా ఒకటిన్నర రెట్ల తేడా ఉంది. సూర్యాపేట నుంచి కోదాడ సుమారు 45 కిలోమీటర్లు. 100 మీద వెళ్లినా 80 మీద వెళ్లినా తేడా ఏడు నిమిషాలే. ఆ ఏడు నిమిషాల కోసం మీడియన్ తెరిచిన ప్రతి చోటా, అడ్డంగా వచ్చే ప్రతి ట్రాక్టర్ ముందూ, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ప్రతి బైకు ముందూ గట్టిగా బ్రేకు తొక్కాల్సి వస్తుంది. ప్యాడ్లు అరగడం సంగతి అలా ఉంచండి, ఆ ట్రాక్టర్ మీద కూర్చున్నవాళ్లూ ఇంటికి చేరాలి కదా.

4. ముందే కాలు తీయండి. కొర్లపహాడ్ టోల్ గేటు దూరం నుంచే కనిపిస్తుంది. అక్కడిదాకా యాక్సిలరేటర్ తొక్కి, లైను దగ్గర బ్రేకు వేయడంలో లాభమేమీ లేదు. కాలు తీసేసి, గేరు ఒకటొకటిగా తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. సంక్రాంతి రద్దీలో బండ్లు అంగుళం అంగుళం కదిలే చోట ముందు బండికి కాస్త సందు వదలండి. మీరు ఆగాల్సిన సార్లు తగ్గుతాయి. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రోజుల్లోనూ ఇదే పద్ధతి.

5. న్యూట్రల్‌లో వదలొద్దు, ఇంజన్ అసలే ఆపొద్దు. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. గేరు పట్టు లేకపోతే భారమంతా బ్రేకు మీదే పడుతుంది. ఇంజన్ ఆపేస్తే బ్రేకుకు సాయం చేసే బూస్టర్ రెండు మూడు తొక్కుళ్లకే ఖాళీ అయి, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

6. మిర్యాలగూడ వాళ్లకు ప్రత్యేకంగా. మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరిన సీజనులో ఊళ్లో రెండు కిలోమీటర్లు పోవడానికి ఎన్నిసార్లు ఆగాలో మీకు తెలుసు. అలాంటి బండికి ప్రతి 10 వేల కిలోమీటర్లకు ప్యాడ్లు చూపించాలి. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట ముందుగానే నెమ్మదించండి. గింజల మీద సడన్ బ్రేకు వేస్తే ఎంత కొత్త ప్యాడైనా టైరు జారుతుంది. కారు డిక్కీలో బియ్యం బస్తాలు వేసుకుని తిరిగేవాళ్లు ఒకటి గమనించండి, బరువు పెరిగిన మేరకు ప్యాడ్ల అరుగుదలా పెరుగుతుంది.

7. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు తిరిగే బండ్లకు దుమ్మే శత్రువు. సిమెంటు ఫ్యాక్టరీల లారీల వెనక రేగే దుమ్ము ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య చేరి గరుకు కాగితంలా పనిచేస్తుంది. పొలాల బాట పట్టే కార్లకు నల్లరేగడి బురద, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ చుట్టూ ఎండి గట్టిపడుతుంది. క్యాలిపర్ అటూ ఇటూ కదలడానికి రెండు పిన్నులుంటాయి. అవి బిగుసుకుంటే ప్యాడ్ డిస్కును వదలదు, ఒక ప్యాడ్ నున్నగా అరిగిపోయి రెండోది కొత్తదానిలా మిగులుతుంది. కడిగించేటప్పుడు చక్రాల లోపలి వైపూ నీళ్లు కొట్టించండి, చక్రాలు చల్లారాకే సుమా. సర్వీసింగ్‌లో ఆ పిన్నులు తీసి శుభ్రం చేసి, వాటికి వాడే గ్రీజు రాయమని అడగండి. ఒక చక్రం మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కినా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగినా ఈ అనుమానమే మొదట రావాలి.

8. బ్రేక్ ఆయిల్ తగ్గితే వెంటనే పోసేయొద్దు. ప్యాడ్లు అరిగినకొద్దీ వాటిని నెట్టే పిస్టన్ ముందుకు జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. కాబట్టి డబ్బాలో మట్టం మెల్లగా తగ్గిందంటే ముందు ప్యాడ్లు చూడాలి, తర్వాత లీకేజీ. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ వేడికి త్వరగా మరిగి, తొక్కిన పెడల్ లోపలికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్పించండి.

9. వెనక చక్రాలను మరవొద్దు. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ము బ్రేకులే, వాటిలో ఉండేవి లైనర్లు. బండి ఆగేటప్పుడు బరువు ముందుకు తూగుతుంది కాబట్టి ముందు ప్యాడ్లే ఎక్కువ పనిచేస్తాయి, వెనకవి నిదానంగా అరుగుతాయి. అలాగని ఏళ్ల తరబడి విప్పి చూడకపోతే ఎలా? హ్యాండ్ బ్రేకు మునుపటికంటే ఎక్కువ పైకి లాగాల్సి వస్తుంటే డ్రమ్ములు తీయించండి.

10. జతగా మార్చండి. ఎడమది అరిగితే కుడిదీ మార్చాలి, లేకపోతే బండి పక్కకు లాగుతుంది. పెట్టె మీద కంపెనీ పేరు చూసి మోసపోకుండా బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. మరీ చవక ప్యాడ్ త్వరగా అరుగుతుంది, లేదంటే గట్టిగా ఉండి డిస్కును తినేస్తుంది. డిస్కుకు ఉండాల్సిన కనీస మందం సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది, కొలిపించండి. విప్పిన చోట దుమ్మును ఎయిర్ కొట్టి ఎగరగొట్టనివ్వకండి. కొన్ని రకాల ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పైగా ఆ దుమ్మును రోజూ పీల్చేది షెడ్డులో పనిచేసే పిల్లలు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

11. కొత్త ప్యాడ్లు వేశాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి, మొదటి తొక్కుడుకు బ్రేకు పడదు. షెడ్డు గేటు దగ్గరే గుద్దుకునేది ఇందుకే. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10 దాకా మెల్లగా తగ్గిస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ ఎనిమిది పదిసార్లు బ్రేకు వేయండి. మొదటి 300 కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప సడన్ బ్రేకు వద్దు. ఆ రోజు మీటరు రీడింగును బిల్లు మీద రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి.