ఖమ్మం నుంచి భద్రాచలం 91 కిలోమీటర్లా, 120 కిలోమీటర్లా? యాప్ చూపించే దూరం వెనుక లెక్క ఇదీ

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్ హీత్రూకి దూరం సెర్చ్ చేస్తే 655 కిలోమీటర్ల దాకా చూపిస్తుంది. విమానం గంటకు 800 పైనే పోతుంది కదా, మరి టికెట్ మీద గంటా నలభై నిమిషాలు ఎందుకుంటుంది?

రెండూ కరెక్టే. మొదటిది భూగోళం మీద రెండు పాయింట్లను కలిపే అతి చిన్న గీత. రెండోది ఈ గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి ఆ గేటు దగ్గర ఆగేదాకా పట్టే టైమ్. రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడం, పైకి ఎక్కడం, దిగడానికి లైన్లో ఉండటం అన్నీ అందులోనే. ఇంకో తిరకాసు: లండన్ గడియారం గంట వెనక. 10:00కి బయల్దేరితే 10:40కి దిగినట్టు కనిపిస్తుంది. కోడ్ రాసేవాళ్లు ముందు రెండు టైమ్‌లనీ యూటీసీలోకి మార్చుకోండి.

ఇప్పుడు ఇదే లెక్క మన ఊళ్లకి వేద్దాం. ఖమ్మం 17.25, 80.15. భద్రాచలం 17.67, 80.89. అక్షాంశం తేడా 0.42, ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. రేఖాంశం తేడా 0.74, మన దగ్గర ఒక్కో డిగ్రీకి 106. అంటే దాదాపు 47, 78. ఇక పదో తరగతి పైథాగరస్ చాలు: సుమారు 91 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా రోడ్డు మాత్రం 120 దగ్గర్లో ఉంటుంది.

ఈ షార్ట్‌కట్ చిన్న దూరాలకే. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఇలాగే లెక్కేస్తే అసలు దూరం 7,100 మీద ఓ 300 కిలోమీటర్లు ఎక్కువ వస్తుంది. అక్కడ హావర్‌సైన్ ఫార్ములా వాడాల్సిందే.

నాకు అసలు భయం వేసేది ‘నియర్ మీ’ లిస్టులతో. చాలా చిన్న యాప్‌లు ఈ గీత దూరంతోనే సార్ట్ చేస్తాయి. రోడ్డు దూరానికి మ్యాప్ సర్వీస్‌కి డబ్బు కట్టాలి, ఇది ఫ్రీ. పర్ణశాల గోదావరికి ఒక గట్టున, మణుగూరు ఇంకో గట్టు వైపు. గీత చూస్తే పక్కపక్కనే. కారులో అయితే కింద భద్రాచలం వంతెన దాకా వచ్చి మళ్లీ పైకి పోవాలి. అర్ధరాత్రి నొప్పులు పడుతున్న మనిషిని బండి ఎక్కించాక ‘దగ్గర్లోని హాస్పిటల్’ ఏరు అవతల ఉందని తెలిస్తే?

వానాకాలం ఇంకా కష్టం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ రోజు కూడా గీత దూరం అంతే!

కాబట్టి ఏ యాప్ అయినా దూరం చూపిస్తే, రూట్ గీసి చూపిస్తుందో లేదో చూడండి. రూట్ లేకపోతే అది గీత దూరమే అనుకోండి. అడవి రోడ్డులో నెట్ పోయినా జీపీఎస్ పనిచేస్తుంది, అది శాటిలైట్ల నుంచి వస్తుంది. కానీ కింద మ్యాప్ ఉండాలి కదా, అందుకని ఖమ్మంలో ఉండగానే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి.