ముందు మొహమాటం వదలండి

కెనడాలో దిగిన తెలుగువాళ్లలో ఎవరు త్వరగా కుదురుకుంటారో చాలాకాలంగా గమనిస్తున్నాను. పెద్ద చదువు, బ్యాంకులో డబ్బు, గడగడా వచ్చే ఇంగ్లీషు, అన్నీ పనికొచ్చేవే. అవన్నీ ఉండి కూడా ఏడాది తిరిగినా బిక్కుబిక్కుమంటూ బతికేవాళ్లున్నారు. తెలియనిది తెలియదని చెప్పి, ఎదుటివాళ్లను అడిగేవాళ్లు మాత్రం ఆరు నెలలకే ఊళ్లో మనుషులైపోతారు. అందుకే టొరంటోకో, బ్రాంప్టన్‌కో బయల్దేరుతున్న పిల్లలకు నేను మొదట చెప్పేది అడగడం గురించే.

హైదరాబాద్‌లో పదిమందికి పని చెప్పిన మనిషికి ఇక్కడ బస్సెక్కితే ప్రెస్టో అనే టికెట్ కార్డు ఎక్కడ ఆనించాలో తెలియదు. చెత్తలో ఏది నీలం డబ్బాలో వెయ్యాలో, ఏది ఆకుపచ్చ డబ్బాలో వెయ్యాలో తెలియదు. ముప్ఫై ఏళ్లు దాటాక మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ‘ఇదీ తెలీదా అనుకుంటారేమో’ అన్న బెరుకుతో నోరు పెగలదు. నిజానికి 2021 జనాభా లెక్కల ప్రకారం టొరంటో నగరంలో సగానికి కాస్త తక్కువ మంది బయటి దేశాల నుంచి వలస వచ్చినవాళ్లే. మీరు అడగడానికి సిగ్గుపడుతున్న ప్రశ్నను ఆ బస్సు డ్రైవరు ఎన్నోసార్లు విని ఉంటాడు.

మొహమాటపడే మనిషి చివరికి తెలిసిన అన్నయ్యనో, వాట్సాప్ గ్రూపునో పట్టుకుంటాడు. మంచి ఆవకాయ ఏ కొట్లో దొరుకుతుందో గ్రూపులో అడగండి, తప్పులేదు. వీసా, పన్ను, అద్దె చట్టం మాత్రం అక్కడ అడగకండి. నాలుగేళ్ల కిందటి రూల్సును ఇవాళ్టివనుకుని మంచి మనసుతోనే తప్పు సలహా ఇస్తారు. ఒంటారియోలో 211 అని ఒక ఫోన్ నంబరుంది. ఇల్లు, తిండి, మానసిక ఆరోగ్యం, పిల్లల సంరక్షణ, ఏ అవసరానికి ఏ సంస్థ దగ్గరికి వెళ్లాలో ఉచితంగా చెబుతారు. శాశ్వత నివాసులకైతే ఫెడరల్ ప్రభుత్వ ఖర్చుతో నడిచే సెటిల్‌మెంట్ సేవలు, లింక్ అనే ఇంగ్లీషు తరగతులు ఉన్నాయి. విద్యార్థులకు ఇవి సాధారణంగా వర్తించవు. వాళ్లు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును వదలకూడదు. ఇక పబ్లిక్ లైబ్రరీ అందరిదీ. టొరంటోలో దానికి 100 శాఖలున్నాయి, కార్డు ఉచితం. కంప్యూటర్లు, ప్రింటరు, వెచ్చని కుర్చీ, వీటన్నిటికన్నా ముఖ్యంగా అడిగితే ఓపిగ్గా జవాబు చెప్పే లైబ్రేరియన్ అక్కడ ఉంటారు. వచ్చిన మొదటి వారంలోనే వెళ్లమంటాను.

అడగడంలో ఇంకో మెట్టు ఉంది, అది కొంచెం కష్టమైనది. అర్థం కాకపోయినా తల ఊపే అలవాటు మనకుంది. ఎదుటివాళ్లు వేగంగా మాట్లాడతారు, యాస కొత్త, రెండోసారి అడిగితే బాగుండదని ‘ఓకే, ఓకే’ అనేస్తాం. డాక్టరు దగ్గర, బ్యాంకులో సంతకం పెట్టేచోట, ఆఫీసు మీటింగులో ఆ ‘ఓకే’ చాలా ఖరీదైనది. కాస్త నెమ్మదిగా చెప్పమని అడగండి. తర్వాత, ‘అంటే నేను ఫలానా తేదీలోపు ఫలానా కాగితం ఇవ్వాలి, అంతేనా?’ అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఇలా అడిగే మనిషిని ఇక్కడ ఎవరూ తక్కువగా చూడరు, జాగ్రత్త గల మనిషి అనుకుంటారు. పిల్లల బడిలో టీచరుతో కూడా ఇదే పద్ధతి.

అద్దె విషయంలో అడగనివాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు, నాకు బాధ కలిగించేది ఇదే. ఒంటారియో చట్టం ప్రకారం ఇంటి యజమాని మొదటి నెల అద్దెతోపాటు చివరి నెల అద్దెను మాత్రమే ముందుగా అడగొచ్చు. ఇల్లు పాడైతే పనికొస్తుందని డ్యామేజీ డిపాజిట్ అడగడం కుదరదు. అయినా కొత్తవాళ్లని చూసి ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమంటారు, మనవాళ్లు మారుమాట లేకుండా కడతారు. 2018 ఏప్రిల్ 30 నుంచి చాలామటుకు ఇళ్లకు ప్రభుత్వం తయారుచేసిన స్టాండర్డ్ లీజ్ పత్రమే వాడాలి; ఆ పత్రం ఏదని అడగండి. గదిని మీరో, మీకు నమ్మకమైన మనిషో కళ్లారా చూడకుండా హైదరాబాద్ నుంచి డబ్బు పంపకండి.

ఇక సిన్, అంటే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, సర్వీస్ కెనడాలో ఉచితంగా ఇస్తారు, దాన్ని అడిగిన ప్రతివాళ్లకూ చెప్పకూడదు. పన్నుల శాఖ నుంచి మాట్లాడుతున్నామని బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనమంటే అది మోసమే, ఫోన్ పెట్టేయండి. ఆదాయం లేని ఏడాదైనా ఏప్రిల్ 30 లోపు పన్ను రిటర్ను వెయ్యండి, పిల్లల పేరుమీద నెలనెలా వచ్చే సాయం ఆగకుండా ఉండాలంటే భార్యాభర్తలిద్దరూ వెయ్యాలి. క్రెడిట్ కార్డు ఒకటి చాలు, బిల్లు గడువులోపు మొత్తం కట్టేయాలి.

ఉద్యోగం దగ్గర అడిగే తీరు మార్చుకోవాలి. ముక్కూమొహం తెలియని మనిషికి రెజ్యూమె పంపి ‘జాబ్ ఉంటే చూడండి సార్’ అంటే జవాబు రాదు. ‘మీరు ఈ రంగంలో ఎలా నిలదొక్కుకున్నారో పదిహేను నిమిషాలు చెబుతారా?’ అని అడిగితే చాలామంది సరేనంటారు. అలాంటి మాటల్లోనే ఎక్కడ ఖాళీలు పడబోతున్నాయో తెలుస్తుంది. నర్సు, ఇంజినీరు, ఫార్మసిస్టు లాంటి వృత్తులకు ఇక్కడి లైసెన్సు కావాలి కాబట్టి ఆ వృత్తిని నియంత్రించే సంస్థను విమానం ఎక్కకముందే సంప్రదించండి.

డిసెంబరులో టొరంటోలో సాయంత్రం నాలుగూ నలభైకే పొద్దు గుంకుతుంది. చలికి మంచి బూట్లు, కోటు ఇక్కడే కొనుక్కోవచ్చు. చీకటికి మాత్రం మనుషులు కావాలి. అప్పుడు అమ్మ ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నానమ్మా’ అని పెట్టేస్తాం, ఆవిడ కంగారుపడుతుందని. అమ్మకు అన్నీ చెప్పక్కర్లేదు, ఎవరో ఒకరికి మాత్రం చెప్పాలి. స్నేహితుడు కావచ్చు, కాలేజీ కౌన్సెలర్ కావచ్చు. నిద్ర పట్టక, అన్నం సయించక వారాలు గడుస్తుంటే డాక్టరును అడగడంలో నామోషీ లేదు.

ఏడాది గడిచేసరికి వరంగల్ నుంచో, గుంటూరు నుంచో ఎవరి తమ్ముడో మీకే ఫోన్ చేస్తాడు. విసుక్కోకండి. మీకు తెలిసింది చెప్పండి, తెలియనిదానికి అసలు ఆఫీసు పేరు చెప్పండి. ఉదాహరణకు, బయల్దేరే ముందే ఆర్టీవో ఆఫీసులో తన డ్రైవింగ్ లైసెన్సు ఎక్స్‌ట్రాక్ట్ తీసుకోమనండి. ఆ కాగితంతో అతని పాత అనుభవం రుజువైతే ఇక్కడ రోడ్డు టెస్టుకు నెలల తరబడి ఆగనక్కర్లేదు.