చదరంగం నేర్చుకొనేవారికి ఇంజిన్ సాయం

చెన్నైలో తెలుగు కుటుంబాన జన్మించిన దొమ్మరాజు గుకేశ్ 2019లో, 12 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2024లో ప్రపంచ విజేతగా నిలిచారు. గ్రాండ్‌మాస్టర్ హోదా లభించేవరకు శిక్షకుడు విష్ణు ప్రసన్న ఆయనను ఇంజిన్లకు, అనగా ఎత్తులను లెక్కించి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములకు, దూరంగానే ఉంచారు.

నేటి బాలలకు ఆ దూరం కష్టమే. స్టాక్‌ఫిష్ వంటి ఇంజిన్ ఫోనులోనే ఉచితంగా లభిస్తుంది. అయితే అది తీర్పు చెబుతుందే గాని కారణం చెప్పదు.

అందుచేత ఆట ముగియగానే ఇంజిన్ తెరవరాదు. ముందుగా ఎత్తులన్నీ కాగితంపై రాసుకొని, ఎక్కడ తడబడ్డారో స్వయంగా గుర్తించాలి. పిదప ఇంజిన్ అంకెలు చూడాలి. +1 అంటే తెల్లపావులకు సుమారు ఒక బంటు విలువైన ఆధిక్యం. 0.3 వంటి స్వల్ప భేదాలు కొత్తవారికి అక్కరలేదు. అంకె ఒక్కసారిగా రెండు మూడు బంట్ల మేర మారినచోట ఆగాలి. ఇంజిన్ సూచించిన ఎత్తు చూసి ఊరుకోక, తాము వేసిన ఎత్తునే మళ్లీ వేసి, దానికి ఇంజిన్ ఇచ్చే జవాబును పరిశీలించాలి. గుర్రానికి కాపు లేకపోయిందా, రాజు చుట్టూ రక్షణ సడలిందా అన్నది అప్పుడే బోధపడుతుంది.

స్థాయి తగ్గించి ఇంజిన్‌తోనే ఆడవచ్చు. కాని అది నడుమ నడుమ మనిషెవరూ చేయని వింత తప్పులు చేస్తుంది. పక్కింటి ప్రత్యర్థి మేలు.