గర్భిణీకి ఛాతీలో మంట

నెలలు నిండేకొద్దీ గర్భసంచి పెరిగి కడుపును పైకి నొక్కుతుంది. హార్మోన్ల వల్ల అన్నవాహిక కింది బిగువు సడలి, పులుపు గొంతులోకి వస్తుంది. మీ కోడలు మంట అంటే విసుక్కోకండి.

సంగటి కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. ఉగ్గాని తినవచ్చు, పక్కన మిరపకాయ బజ్జీ వద్దు. చేను నుంచి అందరూ వచ్చేసరికి చీకటి పడుతుంది, తెలుసు. అయినా ఆమెకు ముందే పెట్టండి. తిన్నాక 2, 3 గంటలు పడుకోకూడదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. సోడా ఉప్పు తాగించవద్దు. మంట అని ఐరన్ మాత్రలు మానిపించవద్దు. డాక్టరు రాసిన మంట మందుకూ వాటికీ 2 గంటల ఎడం ఉండాలి.

ఐదో నెల దాటాక కుడి పక్కటెముకల కింద నొప్పి, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు వస్తే గ్యాస్ అనుకోవద్దు. బి.పి. పెరిగి గుర్రపువాతం రాబోతుండవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.