జర ఆగుండ్రి, చదువుకుంటా



ఇది మన దిక్కు ఒక చెల్లె ముచ్చట. ఆమె పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. తల్లిగారిల్లు మహబూబాబాద్ జిల్లాలో. అత్తగారిల్లు భూపాలపల్లి జిల్లాలో. పెండ్లికి ముందు మా రాత్రి బడికి వచ్చి అక్షరాలు దిద్దింది.

తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేశారు. అత్తగారింటి నుంచి ఒక్కరూ రాలేదు. మూడో నెలలో తల్లి ఒడిబియ్యం పోసి పంపింది. అక్కడ రోజూ ఒకటే మాట. "ఆడపిల్లను కన్నవు." ఒకనాడు రాత్రి భర్త తాగి వచ్చాడు. బిడ్డ పాలు తాగుతూ ఉంది. ఆగకుండా కొట్టాడు. తెల్లవారి మొదటి బస్సుకు ఆమె బిడ్డను కొంగులో చుట్టుకొని వచ్చేసింది. చేతిలో సంచి కూడా లేదు.

తల్లి ఏడ్చింది. "కాపురమన్నంక తప్పదు బిడ్డా, సర్దుకపో" అంది. ఆ తల్లిని నేను తప్పు పట్టను. ఆమెకు అందరూ చెప్పింది అదే.

వారం తిరగకముందే పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు. ఒక కాయితం రాసి తెచ్చారు.

"సంతకం పెట్టు బిడ్డా, పదిహేను వేలు ఇప్పిస్తం" అన్నారు.

"జర ఆగుండ్రి, చదువుకుంటా" అంది.

కొందరు నవ్వారు. ఆమె వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. అరగంట పట్టింది. నవ్వులు ఆగిపోయాయి. కాయితంలో ఇలా ఉంది: "నా ఇష్టప్రకారం భర్తను వదిలి వచ్చాను. నాకు, నా బిడ్డకు ఖర్చు అడగను. సామాను అడగను."

"నా ఇష్టంతోని రాలే. దెబ్బలకు వచ్చిన" అంది ఆమె. సంతకం పెట్టలేదు. కాయితం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

ఇలాంటి కాయితం రాసినంత మాత్రాన బిడ్డను సాకే బాధ్యత తండ్రికి పోదు. కానీ సంతకం ఉంటే రేపు కోర్టులో దాన్నే చూపిస్తారు. మనకు తిప్పలు ఎక్కువవుతాయి.

మన కోసం ఒక చట్టం ఉంది. దాని పేరు గృహహింస చట్టం. 2005లో చేశారు. 2006 అక్టోబర్ 26 నుంచి అమలులో ఉంది. కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్టడం, ఇంటి ఖర్చుకు పైసలు ఇవ్వకపోవడం, ఇంట్లో నుంచి వెళ్లగొట్టడం కూడా హింసే. మగపిల్లవాణ్ణి కనలేదని ఎత్తిపొడవడం కూడా హింసే. ఈ మాట ఆ చట్టంలోనే రాసి ఉంది. చదివి వినిపిస్తే ఆమె, "మా అత్త మాటలు గూడ రాసిండ్రా టీచర్!" అంది.

కొట్టింది భూపాలపల్లి దిక్కు కదా, కేసు అక్కడే వేయాలా? అవసరం లేదు. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉంటున్నదో అక్కడే వేయవచ్చు. పసిబిడ్డతో ఆ ఊరికి మళ్లీ పోవలసిన పని లేదు. పాత వరంగల్ జిల్లా 2016లో విడిపోయింది. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు వేరు జిల్లాలు. ఏ జిల్లాకు ఆ జిల్లా సఖి కేంద్రం ఉంది. అక్కడ వైద్యం, పోలీసు సాయం, వకీలు సాయం చూస్తారు. కొన్ని రోజులు ఉండడానికి చోటు కూడా ఇస్తారు. రాత్రిపూట ఆపద వస్తే 181కి గాని 100కి గాని ఫోన్ చేయాలి.

ఆమె, నేను కలిసి సఖి కేంద్రానికి పోయాం. బస్సులో ఇద్దరికీ జీరో టికెట్టే. జరిగిందంతా రాసుకున్నారు. రాసింది ఆమె మళ్లీ చదివింది. ఒక తేదీ తప్పు పడితే దిద్దించింది. అప్పుడు సంతకం పెట్టింది. వకీలుకు పైసా ఇవ్వలేదు. ఆడవాళ్లకు సర్కారు ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆస్తి ఎంత ఉందని అడగరు.

కోర్టు నెల ఖర్చు ఇప్పించవచ్చు. పెండ్లిలో పెట్టిన సామాను, బంగారం తిరిగి ఇప్పించవచ్చు. భర్త ఇంటి దగ్గరికి రాకుండా ఆపవచ్చు. ఆ ఆర్డరును మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది. అరవై రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టం అంటుంది. వాయిదాలు పడితే ఇంకా ఎక్కువ పడుతుంది. అది ముందే తెలిస్తే గుండె జారదు.

కేసు నడుస్తుంటే పొట్ట గడవాలి కదా. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా అంగన్‌వాడీలో బాలింతకు ఒక పూట అన్నం, గుడ్డు, పాలు ఇస్తారు. ఆమె పేరు రాయించుకుంది. మిరపకాయలు ఏరే పనికి పిలిస్తే పోలేదు. కారం చేతులతో పసిబిడ్డను ఎట్లా ఎత్తుకుంటుంది? పత్తి ఏరే పనికి పోయింది. కిలోల లెక్క తన నోటుబుక్కులో తానే రాసుకుంటుంది. బిడ్డను తల్లి చూసుకుంటుంది. ఇప్పుడు ఆ తల్లి "సర్దుకపో" అనడం లేదు.

ఖర్చు ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. రాని నెల వకీలుకు ఫోన్ చేస్తుంది.

ఆమె రాసిన అర్జీ ఇది. పైకి చదవండి. తర్వాత మీ నోటుబుక్కులో చూసి రాయండి.

రక్షణ అధికారి గారికి,
నాకు నాలుగు నెలల బిడ్డ ఉంది. నా భర్త నన్ను కొట్టాడు. నేను ఇప్పుడు మా తల్లిగారింట్లో ఉంటున్నాను. నాకు, నా బిడ్డకు నెల ఖర్చు ఇప్పించండి. నా సామాను నాకు ఇప్పించండి. ఆయన ఇక్కడికి వచ్చి కొట్టకుండా చూడండి.